డివోటో దంపతుల జీవితకథను మధ్యలో ఆపేసిన వారికి

మీరు ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో ఉంటారని, ఉద్యోగం పని మీద నెలకు రెండుసార్లు యూటాలోని సాల్ట్ లేక్ సిటీకి కారులో వెళ్ళివస్తారని, దారిలో వినడానికి అమెరికా చరిత్ర రచయిత బెర్నార్డ్ డివోటో, ఆయన భార్య ఏవిస్‌ల జీవితకథ ఆడియో పుస్తకం మొదలుపెట్టి మూడో గంటలో ఆపేశారని రాశారు. మీ సందేహాలు మూడు. పబ్లిక్ ల్యాండ్స్ అని మాటిమాటికీ వస్తోంది, అవి నిజానికి ఎవరి భూములు? వ్యాసాలు రాసింది, పేరు తెచ్చుకున్నది భర్త అయినప్పుడు ఈ కథలో భార్యకు అంత చోటు ఎందుకు? ఎప్పుడో 1940లలో పశువుల మేత గురించి జరిగిన తగవును ఇప్పుడు మనం ఎందుకు వినాలి?

మూడింటికీ నాకు తెలిసినంత వరకు జవాబు చెబుతాను. ముందు నా సంగతి రెండు మాటల్లో. అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనుల్లో ఎనిమిదేళ్ళు ఇంజినీరుగా చేశాను. తర్వాత ఇరవై రెండేళ్ళు యూటాలో నీటి పథకాల లెక్కలు చూసి, మూడేళ్ళ కిందట పదవీ విరమణ చేశాను. మీరు చెప్పిన పుస్తకాన్ని, అంటే పాత్రికేయుడు నేట్ ష్వెబర్ రాయగా 2022లో వచ్చినదాన్ని, రెండుసార్లు విన్నాను. చరిత్రను చెవితో వినడంలో ఒక ఇబ్బంది ఉంది. ఫలానా సెనేటర్ ఎవరో మరిచిపోతే పేజీ వెనక్కి తిప్పి చూసుకోలేం. అయితే మీకున్న వెసులుబాటు చాలామందికి లేదు. ఈ కథ జరిగిన నేల మీ కారు అద్దంలోంచే కనిపిస్తుంది. అందుకే మీ దారినే పట్టుకుని చెబుతాను.

బోయిసీ దాటి మౌంటెన్ హోమ్ వైపు సాగగానే రెండు పక్కలా బూడిదరంగు పొదలు మొదలవుతాయి కదా, సేజ్‌బ్రష్ అంటారు. కాలువ నీరు అందిన చోట పచ్చటి చేలు, అందని చోట మైళ్ళ కొద్దీ ఆ పొదలే. ఇల్లు ఉండదు, దున్నిన ఆనవాలు ఉండదు. అక్కడక్కడ ముళ్ళతీగ, దాని వెనక నాలుగు ఆవులు. ఎవరిదో బీడు అనుకుని దాటిపోతాం. అందులో చాలా భాగం అమెరికా ప్రజలందరిదీ. బీఎల్‌ఎం అని పిలిచే కేంద్ర భూ నిర్వహణ సంస్థ దాన్ని చూసుకుంటుంది. ఆవులు ఒక ఆసామివి, గడ్డి అందరిదీ. మేపుకోవడానికి ఆయనకు అనుమతి పత్రం ఉంటుంది, ఆవుకు నెలకు ఇంత అని రుసుము కడతాడు. పట్టా మాత్రం ఆయన పేరున ఉండదు. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి. అనుమతి పత్రాన్ని పట్టాగా మార్చుకోవాలని కొందరు చేసిన ప్రయత్నం, దాన్ని ఇద్దరు మనుషులు పసిగట్టడం, కథంతా ఇదే.

మన ఊళ్ళలో మేత పోరంబోకు ఉంటుంది. తెలంగాణలో గైరాన్ అని, బంచరాయి అని అంటారు. రికార్డులో ప్రభుత్వానిది, వాడుకలో ఊరందరిదీ. ఆ భావనతో వింటే పబ్లిక్ ల్యాండ్స్ మనకు కొత్త విషయమేమీ అనిపించదు. పరిమాణమే వేరు. అమెరికాలో కేంద్ర ప్రభుత్వం చేతిలో సుమారు 64 కోట్ల ఎకరాలు ఉన్నాయి, దేశం మొత్తం నేలలో అది 28 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల విస్తీర్ణం అంతా కలిపినా 6.8 కోట్ల ఎకరాలే. ఆ 64 కోట్లలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు బీఎల్‌ఎం చేతిలో, 19.3 కోట్ల ఎకరాలు అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. మిగిలినవి ఎక్కువగా జాతీయ పార్కులు, వన్యప్రాణుల ఆశ్రయాలు. మీ ఐడహోలో నూటికి 62 ఎకరాలు ఇలాంటివే. యూటాలో 63, పక్కనున్న నెవాడాలో 80.

ఇంత భూమి ఎవరి పట్టాలోకీ పోకుండా మిగలడానికి మొదటి కారణం నీరు లేకపోవడం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం సాగుచేసుకునే కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది. వానలు పడే తూర్పు ప్రాంతంలో అది పెద్ద కమతం. పడమట అది ఆకలి. మన అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాన్నే కరువు సీమ అంటాం. బోయిసీలో అందులో దాదాపు సగమే. అక్కడ 160 ఎకరాలతో ఒక ఇల్లు గడవదని జాన్ వెస్లీ పావెల్ అనే అన్వేషకుడు 1878లోనే నివేదిక రాసి ఇచ్చాడు. ప్రభుత్వం పట్టించుకోలేదు. డివోటో జీవితాంతం అభిమానించిన మనిషి ఆయన. పట్టాకు ఎవరూ అడగని ఆ నేలలో పశువుల ఆసాములు ఎవరికి వారు పోటీపడి మందలు తోలారు. నేను ఆగితే పక్కవాడు మేపేస్తాడన్న భయంతో గడ్డిని వేళ్ళతో సహా అవగొట్టారు. అడవుల్లో 1906 నుంచి మేత రుసుము వచ్చింది. మిగతా మైదానాలకు 1934లో టేలర్ మేత చట్టం వచ్చాక గానీ పద్ధతి రాలేదు. 1936లో రుసుము ఎంతనుకున్నారు? ఆవుకు నెలకు 5 సెంట్లు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే లెక్క తప్పవుతుంది. అందరి భూమి అనే ముందు అది షోషోనీ, బానక్, యూట్, నెజ్ పెర్స్ అనే మూలవాసి ప్రజల భూమి. ఒప్పందాలతోనో తుపాకులతోనో వారి నుంచి తీసుకున్నాకే అది ప్రజల ఆస్తి అయింది. కథ వింటూ ఉన్నప్పుడు ఈ ఎరుక మనసులో ఉండాలి.

ఇక మీ దారిలో ట్రెమంటన్, బ్రిగమ్ సిటీ దాటాక వచ్చే ఆగ్డెన్. బెర్నార్డ్ 1897 జనవరి 11న అక్కడే పుట్టారు. తండ్రి ఇటాలియన్ మూలాలున్న క్యాథలిక్కు, తల్లి మార్మన్ మత శాఖకు చెందిన రైతు కుటుంబం ఆడపడుచు. అమ్మమ్మ వాళ్ళ ఊరు వేబర్ కనుమ మొదట్లో ఉంది. తాతగారు ఎండు నేలకు కాలువ తవ్వి నీరు తెచ్చుకుని తోట పెంచిన రైతు. పడమటి నేలలో ఒంటరి వీరుడు గుర్రమెక్కి దేశాన్ని గెలిచాడన్న కథలను డివోటో ఎన్నడూ నమ్మకపోవడానికి మూలం ఆ తోట. పదిమంది కలిసి కాలువ తవ్వకపోతే అక్కడ ఒక్క ఆపిల్ చెట్టు కూడా బతకదని ఆయన చిన్నప్పుడే చూశారు.

హార్వర్డ్‌లో చదువు, మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం, ఆ తర్వాత 1922లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయ ఉద్యోగం. మిషిగన్ రాష్ట్రం హౌటన్ నుంచి వచ్చిన ఏవిస్ మెక్‌వికర్ ఆయన తరగతిలో విద్యార్థిని. 1923లో పెళ్ళి చేసుకున్నారు. తర్వాత మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జికి మారి అక్కడే స్థిరపడ్డారు. 1935 నుంచి చనిపోయే దాకా బెర్నార్డ్ హార్పర్స్ మాసపత్రికలో ఈజీ చెయిర్ అనే శీర్షిక నడిపారు. ఇరవై ఏళ్ళు, నెలనెలా. చరిత్ర రచనకు 1948లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. ఆడియోలో ఈ భాగం కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మీరు ఆపేసింది ఇక్కడే అయ్యుంటుందని నా ఊహ. అలాగైతే కథ అసలు మలుపు తిరిగే ముందే దిగిపోయారు.

ఆ మలుపు 1946 వేసవి. దంపతులిద్దరూ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని కారులో పడమటి రాష్ట్రాలు తిరగడానికి బయలుదేరారు. బెర్నార్డ్ చరిత్ర పుస్తకాల కోసం పాత బాటలు, నదులు చూడాలన్నది ఉద్దేశం. దారిలో అటవీ శాఖ వాళ్ళతో, పాత్రికేయులతో మాట్లాడుతూ ఉంటే వేరే సంగతి బయటపడింది. ఆ ఆగస్టులోనే గొడ్ల, గొర్రెల ఆసాముల సంఘాల ఉమ్మడి కమిటీ ఒకటి సాల్ట్ లేక్ సిటీలో సమావేశమైంది. వాళ్ళ ఆలోచన ఇది. మేత భూములను కేంద్రం నుంచి రాష్ట్రాలకు బదిలీ చేయించాలి, అక్కడి నుంచి అనుమతి పత్రాలున్నవాళ్ళు నామమాత్రపు ధరకు, వాయిదాల మీద కొనుక్కోవాలి. ముందు మైదానాలు, వెనకే అడవుల్లోని మేత భూములు. దారి అప్పటికే చదును చేసి ఉంది. నెవాడా సెనేటర్ పాట్ మెక్‌కారన్ ఏళ్ళ తరబడి విచారణలు జరిపి, టేలర్ చట్టాన్ని అమలుచేసే మేత శాఖను నీరసింపజేశాడు, ఆ శాఖను 1946 జులైలో మరొక కార్యాలయంతో కలిపేశారు. ఇప్పటి బీఎల్‌ఎం అలా పుట్టింది. బదిలీ బిల్లును వయోమింగ్ సెనేటర్ ఎడ్వర్డ్ రాబర్ట్‌సన్ పెట్టాడు. ఈ రెండు పేర్లకు, 1947లో పట్టణాలు తిరిగి అటవీ శాఖ మీద విచారణలు నడిపిన వయోమింగ్ కాంగ్రెస్ సభ్యుడు ఫ్రాంక్ బారెట్ పేరును కలిపి ఒక కాగితం మీద రాసుకుని కారులో అంటించుకోండి. ఈ ముగ్గురూ గుర్తుంటే మిగతా పేర్లు మరిచినా కథ తెగిపోదు.

ఇందులో రహస్యం ఏమీ లేదన్నది గమనించండి. బిల్లు అచ్చయింది. సంఘాల తీర్మానాలు వాళ్ళ సొంత పత్రికల్లోనే వచ్చాయి. చదివినవాళ్ళే లేరు. డివోటో చేసిన పని వాటిని చదవడం. 1947 జనవరి హార్పర్స్‌లో ఆయన పెద్ద వ్యాసం వచ్చింది. తూర్పు పెట్టుబడిదారులు మమ్మల్ని దోచుకున్నారని పడమటివాళ్ళు అనడం నిజమేనని, ఆ మాట తానూ ఏళ్ళుగా అంటున్నానని ఒప్పుకుంటూనే, ఇప్పుడు తమ నేలను తామే తెగనమ్ముకోబోతున్నారని చూపించారు. కేంద్రాన్ని మా జోలికి రావద్దు అంటూనే ఇంకా డబ్బు పంపమని అడిగే ధోరణిని ఆయన ఎత్తిచూపిన తీరు ఈనాటికీ జనం తలుచుకుంటారు. తర్వాత నెలల తరబడి అదే పట్టు. వేటగాళ్ళ సంఘాలు, చేపలు పట్టేవాళ్ళు, పట్టణాల నీటి బోర్డులు, పత్రికలు కదిలాయి. రాబర్ట్‌సన్ బిల్లు చట్టం కాలేదు.

పశువుల మేతకు పట్టణాల నీటి బోర్డులకు సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. దీని మీద కాసేపు ఆగుతాను, నా వృత్తి ఇదే కాబట్టి.

ఆగ్డెన్ దాటి సాల్ట్ లేక్ వైపు వెళుతుంటే ఎడమ చేతి వైపు వాసాచ్ పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి, వాటి పాదాల దగ్గర ఫార్మింగ్టన్ ఊరు వస్తుంది. 1923 ఆగస్టులో ఒక సాయంత్రపు వానకు ఆ కొండ కనుమలోంచి నీరు, బురద, బండరాళ్ళు కలిసి ఊరి మీద పడ్డాయి. మనుషులు చనిపోయారు. 1930లో మళ్ళీ మళ్ళీ వచ్చింది, పక్కనున్న సెంటర్‌విల్‌లో ఇళ్ళు, తోటలు బురదలో పూడిపోయాయి. వాన కొత్తది కాదు, కొండ కొత్తది కాదు. గవర్నరు వేసిన కమిటీ, అటవీ శాఖ శాస్త్రవేత్తలు పైకి ఎక్కి చూస్తే, మొత్తం పరివాహక ప్రాంతంలో కొద్దిపాటి భాగమే కారణమని తేలింది. శిఖరాల దగ్గర గొర్రెల మందలు ఏళ్ళ తరబడి మేసి, కొన్ని చోట్ల కాల్చేసి, బోడిగా మిగిలిన నేల అది. గడ్డి ఉన్నచోట వాన ఇంకింది, లేనిచోట ప్రతి చుక్కా కిందికి పరుగెత్తింది. 1933 నుంచి నిరుద్యోగ యువకుల దళాలను పెట్టి ఆ ఎత్తున సమతల రేఖల వెంట కందకాలు తవ్వించారు, గడ్డి విత్తించారు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఫార్మింగ్టన్ కనుమ మట్టిదారిలో పైకి వెళ్ళి ఆ కందకాలు చూశాను. అంచులు గుండ్రబడ్డాయి, లోపల గడ్డి మోకాలి ఎత్తున ఉంది. నడుస్తుంటే అడుగు ఎత్తు తేడాతోనే అది కందకమని తెలుస్తుంది. ఆ వాలు మీద నిలబడి నాకు అనంతపురం గుర్తొచ్చింది. అక్కడ మేం ఎర్రనేల గుట్టల మీద ఇవే కందకాలు, ఇదే కొలతతో, ఇంగ్లీషు ఏ అక్షరం ఆకారంలో ఉండే కొయ్య చట్రాన్ని నేల మీద తిప్పుకుంటూ, సున్నం గీతలు పోస్తూ తవ్వించాం. మేకలను ఎవరూ ఆపకపోతే మూడేళ్ళలో కందకం పూడిపోయేది. ఆపిన ఊళ్ళో బావుల్లో నీరు లేచేది. కొండ మీద గడ్డి ఎవరు మేపాలన్నది కొండ కింద ఎవరు నీరు తాగాలన్న ప్రశ్నే. డివోటో పుట్టిన ఊరి పక్కనే ఇది జరిగింది. పశువుల ఆసాములతో ఆయన తగువుపడ్డది ఆవుల మీద కోపంతో కాదు. ఆ గడ్డి కింద పడమటి పట్టణాలన్నిటి నీరు ఉంది, దాన్ని కొన్ని కుటుంబాల పేరున రాసివ్వడం తగదన్నారు. మేత పరిమితిని పాటించే ఆసాములను ఆయన ఏమీ అనలేదు.

ఇప్పుడు ఏవిస్ గురించి. మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

నెలనెలా శీర్షిక రాసే మనిషి ఇంటికి ఉత్తరాలు గుట్టలుగా వస్తాయి. పొగిడేవి, తిట్టేవి, సమాచారం అందించేవి. ఏవిస్ ఆ ఇంట్లో తొలి పాఠకురాలు, ప్రూఫులు దిద్దే మనిషి. సొంతంగా బోస్టన్ గ్లోబ్ పత్రికలో అపరాధ నవలలు సమీక్షించేవారు. భర్త కోపిష్ఠి. అవసరానికి మించిన గట్టి మాట అనడం, స్నేహితులను దూరం చేసుకోవడం ఆయనకు కొత్త కాదు. ఆమె మాట సూటిగానే ఉండేది, కానీ మనుషులను దగ్గరకు తెచ్చుకునేది. దీనికి చక్కని సాక్ష్యం ఒక కూరగాయల కత్తి.

బెర్నార్డ్ ఒకసారి శీర్షికలో అమెరికా వంటింటి కత్తుల మీద విరుచుకుపడ్డారు. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుస్తుంది గానీ పదును నిలవదని. మన ఇళ్ళలో పాత ఇనుప కత్తిపీట తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కరలేదు. తడి తుడవకపోతే నల్లబడుతుంది, చింతకాయ తగిలితే మరక పడుతుంది, కానీ బెండకాయ మీద ఆనిస్తే చాలు తెగుతుంది. 1952లో పారిస్ నుంచి ఒక పాఠకురాలు నిజమేనంటూ ఉత్తరం రాసి, దానితో పాటు పదును నిలిచే ఫ్రెంచి చిన్న కత్తి ఒకటి పంపింది. జవాబు రాసింది ఏవిస్. ఆ పాఠకురాలి పేరు జూలియా చైల్డ్. అప్పటికి ఆమె ఎవరికీ తెలియదు. కలుసుకోకముందే రెండేళ్ళ పాటు ఇద్దరూ పేజీలకు పేజీలు రాసుకున్నారు. జూలియా, ఆమె సహచరులు రాస్తున్న ఫ్రెంచి వంటల పుస్తకం రాతప్రతిని ఏవిస్ చదివారు, వంటలు చేసి చూశారు, ప్రచురణకర్తల దగ్గరకు మోశారు. ఒక సంస్థ తిప్పికొడితే నాఫ్ అనే మరో సంస్థకు చేర్చారు. 1961లో అది వెలువడి అమెరికా వంటింటి తీరునే మార్చింది.

ఈ కత్తి కథ భూముల కథకు అతుకు అనిపించవచ్చు. నాకు రెండూ ఒకటే పనిగా కనిపిస్తాయి. పేరు తెలియని మనిషి రాసిన ఉత్తరాన్ని పూర్తిగా చదవడం, శ్రద్ధగా జవాబివ్వడం, అందులో నిజం ఉంటే దాన్ని మోసుకుపోవడం. 1946 ప్రయాణంలో ఆమె కారులోనే ఉన్నారు. వ్యాసాల వల్ల వచ్చిన వేడిని ఆ ఇంట్లో ఇద్దరూ భరించారు. 1955లో భర్త పోయేనాటికి ఆమెకు 51 ఏళ్ళు. తర్వాత హార్వర్డ్‌లో ఉద్యోగం చేసుకుంటూ బతికారు, 1989లో చనిపోయారు. బెర్నార్డ్ కాగితాలన్నీ భద్రంగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. వాటిలోని ఉత్తరాలు లేకపోతే ఈ జీవితకథ రాయడమే సాధ్యం కాదు. భార్య పేరు ఎందుకు చేర్చారన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది.

వేడి అన్నాను కదా. 1949 అక్టోబరులో డివోటో ఎఫ్‌బీఐ మీద రాశారు. ఇరుగుపొరుగు వారి అభిప్రాయాల గురించి ఏజెంట్లు వచ్చి అడిగితే ఇకపై చెప్పను, కోర్టులో అడిగితే చెబుతానని. ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌కు మంట పుట్టింది. 1952 అధ్యక్ష ఎన్నికల ముందు, కమ్యూనిస్టులన్న ముద్ర వేసి జనాన్ని వెంటాడిన సెనేటర్ జోసెఫ్ మెకార్తీ టీవీ ప్రసంగంలో డివోటో పేరెత్తి దాడి చేశాడు. మేత శాఖను నీరుగార్చిన మెక్‌కారన్ 1950 నాటి అంతర్గత భద్రతా చట్టం కర్త కూడా. ఆడియోలో ఈ అధ్యాయాలు భూమి కథ నుంచి పక్కకు పోయినట్టు ఉంటాయి, దాటవేయకండి. భూములు అడిగినవాళ్ళు, నోళ్ళు మూయించినవాళ్ళు చాలాచోట్ల ఒక్కరే.

ఎకో పార్క్ అధ్యాయం నాకు కష్టమైనది. ఆనకట్టలు కట్టే వృత్తి నాది, నిండిన జలాశయం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం కలుగుతుంది. యూటా, కొలరాడో సరిహద్దులో గ్రీన్ నది, యాంపా నది కలిసే చోటు ఎకో పార్క్. డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతం లోపల ఉంది. అక్కడ ఆనకట్టకు, కేంద్ర భూములను చూసే ఇంటీరియర్ శాఖ మంత్రి ఆస్కార్ చాప్‌మన్ 1950 జూన్‌లో ఒప్పుకున్నాడు. జులైలో డివోటో వ్యాసం సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో వచ్చింది, రీడర్స్ డైజెస్ట్ దాన్ని కుదించి వేసింది. హార్పర్స్ చదవని లక్షల ఇళ్ళకు విషయం చేరింది. తర్వాత పోరాటం ప్రకృతి పరిరక్షణ సంఘమైన సియెరా క్లబ్ నాయకుడు డేవిడ్ బ్రోవర్ చేతికి వచ్చింది. 1954 జనవరిలో కాంగ్రెస్ ఉపసంఘం ముందు బ్రోవర్ నల్లబల్ల లెక్కలు చేసి, ఆవిరి నష్టం గురించి ప్రభుత్వ ఇంజినీర్లు చెప్పిన అంకెల్లో కూడిక తీసివేతల తప్పు ఉందని చూపించాడు. ఇంజినీరుగా ఆ భాగం రెండుసార్లు వెనక్కి జరిపి విన్నాను. ఒక తప్పు అంకె మీద ఒక లోయ మునిగిపోయేది.

గెలుపుకు ధర కూడా ఉంది. బ్రోవర్ ప్రత్యామ్నాయంగా చూపినది దిగువన గ్లెన్ కాన్యన్ దగ్గర కట్టబోయే ఆనకట్టను ఇంకా ఎత్తు చేయడం. 1956 ఏప్రిల్ 11న ఐసన్‌హోవర్ సంతకం చేసిన చట్టంలో ఎకో పార్క్ లేదు, గ్లెన్ కాన్యన్ ఉంది. 1963లో అక్కడ గేట్లు మూశారు, నూరు మైళ్ళకు పైగా ఇసుకరాతి లోయ నీటి కింద చేరింది. ఆ జలాశయానికి పావెల్ పేరు పెట్టారు. డివోటో చట్టం దాకా బతకలేదు. 1955 నవంబరు 13న న్యూయార్క్‌లో టీవీ కార్యక్రమానికి వెళ్ళివచ్చాక గుండెపోటుతో పోయారు. వయసు 58.

మీ మూడో ప్రశ్నకు చాలావరకు జవాబు వచ్చేసింది, మిగిలింది మీ పక్కనే జరిగిన తాజా సంగతి. 2024 ఆగస్టులో యూటా రాష్ట్రం 1.85 కోట్ల ఎకరాల బీఎల్‌ఎం భూమిని కేంద్రం అట్టిపెట్టుకోవడం చెల్లదంటూ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2025 జనవరిలో కోర్టు దాన్ని తీసుకోలేదు. అదే ఏడు జూన్‌లో సెనేట్ బడ్జెట్ బిల్లులో పదకొండు పడమటి రాష్ట్రాల్లో 20 లక్షల ఎకరాలకు పైగా అమ్మాలన్న నిబంధన చేరింది. ఐడహో వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, రెండు పార్టీలవాళ్ళు ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి గోల చేశాక నెలాఖరుకు దాన్ని తీసేశారు. వందల పేజీల బిల్లులో ఆ నిబంధనను ఎవరో ఒకరు కూర్చుని చదివారు కాబట్టే తెలిసింది. 1946లో ఆ పని చేసినవాళ్ళ కథ మీ ఫోనులో సగంలో ఆగి ఉంది.

వినే పద్ధతి గురించి నా సలహా. వేగం పెంచకండి. మొదటి మూడు గంటలు మళ్ళీ వినక్కరలేదు, పైన చెప్పిన ఆగ్డెన్ బాల్యం, పెళ్ళి, ఈజీ చెయిర్ తెలిస్తే చాలు. 1946 ప్రయాణం నుంచి మొదలుపెట్టండి. ఆ అధ్యాయాన్ని బోయిసీలో బయలుదేరేటప్పుడు పెడితే పొదల మధ్యలో మేత భూముల సంగతి వింటారు. ఎకో పార్క్ భాగాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. వీలున్న ఒక వేసవి రోజున ఫార్మింగ్టన్‌లో దిగి కనుమ పైకి వెళ్ళండి. మంచు కరిగేదాకా ఆ దారి తెరవరు, కాబట్టి ముందే కనుక్కోండి.

ఇంకో చోటు కూడా ఉంది, అది మీ రాష్ట్రంలోనే. పడమటి నేలను అన్వేషించిన లూయిస్, క్లార్క్‌ల దినచర్యలకు సంపాదకత్వం వహిస్తున్నప్పుడు డివోటో ఉత్తర ఐడహోలో లోక్సా నది ఒడ్డున దేవదారు వనంలో మకాం వేసేవారు. ఆయన చితాభస్మాన్ని ఆ అడవి మీదే చల్లారు. 12వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆ వనానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. రోడ్డుకు రెండు వైపులా చిన్న కాలిబాటలున్నాయి. నేను వెళ్ళింది సెప్టెంబరులో. మా ఆవిడ, నేను చేతులు చాచి పట్టుకున్నా ఒక్క మాను చుట్టూ సగం కూడా అందలేదు. బెరడు పీచులు పీచులుగా, తడిగా ఉంది. కింద ఫెర్న్ ఆకులు, మధ్యలో సన్నటి ఏరు. చీకటి పడకముందే చేరుకునేలా బయలుదేరండి. ఆ దారిలో చాలా దూరం పెట్రోలు బంకులు దొరకవు, ఎటువైపు నుంచి వెళ్ళినా ట్యాంకు నింపుకోండి.